చెంప మీద చెయ్యి

మా ఆసుపత్రిలో టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు ఏడాదికోసారి నన్ను పిలుస్తారు. ఒక శాలువా కప్పి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. వణుకు జబ్బుతో కాఫీ కప్పు పట్టుకోలేని ఒక హెడ్మాస్టరుగారికి ఆపరేషన్ బల్ల మీద ఉండగానే వణుకు ఆగిపోయింది. ఆయన ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇంకేం, కాఫీ తెప్పించండి" అన్నారు. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను శాలువా మడిచి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కుతాను.

ఆ కేసు చెప్పుకోడానికి బాగుంటుంది. నాకు మరుపు రానిది మాత్రం వేరే ఉంది. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు కాబట్టి ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను. కానీ పిల్లలూ, ఈ పనిలోకి వస్తున్నది మీరు. అలాంటి రోజు మీకూ ఎదురు కావచ్చు. శాలువా కప్పించుకుని ఆ మాట చెప్పకుండా వచ్చేయడం ఈమధ్య నాకే ఎబ్బెట్టుగా అనిపిస్తోంది. అందుకే రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. ఉన్నవాళ్ళు ఉన్నారు, పోయినవాళ్ళు పోయారు.

ముందు నా ఉద్యోగం సంగతి. బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో మెదడు విద్యుత్తును రికార్డు చేసే పని నాది. తొంభైల్లో చేరిన కొత్తలో, తల మీద తీగలు అంటించి కాగితం మీద గీతలు తీయడమే పని. మూర్ఛ రోగులు, గీతలు, మోయలేనన్ని కాగితం కట్టలు. రెండువేల సంవత్సరం దాటాక కథ మారింది. మెదడు లోతుల్లో సన్నని తీగ అమర్చి, ఛాతీ చర్మం కింద పెట్టిన చిన్న యంత్రంతో దానికి కరెంటు ఇచ్చి జబ్బును అదుపు చేసే ఆపరేషన్లు మా దగ్గర మొదలయ్యాయి. ఆ తీగ సరైన చోటికి చేరాలి. బియ్యపు గింజంత తేడా వచ్చినా పని వృథా. స్కాను చూసి లెక్క కట్టిన చోటు సుమారుగానే ఉంటుంది. కచ్చితమైన చోటేదో మెదడే చెప్పాలి. అందుకని అసలు తీగ కంటే ముందు వెంట్రుకంత సూదిని పంపి, దారిలో కణాలు చేసే సద్దును స్పీకర్లో వింటాం. ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. అది విని "ఇదే సార్" అనో "కాదు, ఇంకా కిందికి" అనో చెప్పడం నా వంతు. నిర్ణయం పెద్ద డాక్టరుగారిది, చెవులు నావి.

మొదట వణుకు జబ్బు వాళ్ళే వచ్చేవారు. తర్వాత డిస్టోనియా వాళ్ళు రావడం మొదలైంది. ఇది ఒళ్ళు మన మాట వినకుండా మెలితిరిగిపోయే జబ్బు. కొందరికి కాలు, కొందరికి చెయ్యి, కొందరికి మెడ. నిద్రపోతే అన్నీ సర్దుకుంటాయి, లేస్తే మళ్ళీ మొదలు. చూసేవాళ్ళకు నాటకంలా కనిపిస్తుంది. అసలు జబ్బు కంటే ఆ మాటే చాలామందిని ఎక్కువ ఏడిపించింది.

ఆ అమ్మాయిది మడకశిర వైపు ఊరు. బొమ్మసంద్రలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసేది. తల్లీ కూతురూ ఆ దగ్గర్లోనే ఒక గదిలో అద్దెకుండేవాళ్ళు. అమ్మాయి మెడ కుడివైపుకు, కాస్త పైకి మెలితిరిగిపోయేది. మనతో మాట్లాడుతున్నా ముఖం పక్క గోడ వైపు ఉండేది. మొదటిరోజు పరీక్ష గదిలో నేను వీడియో తీస్తుంటే, కెమెరా ఎక్కడుందో చూడకుండానే నవ్వింది.

"పెండ్లిచూపులకి వచ్చినోడు నన్ను చూసినాడు సార్, నేను గోడ చూసినా. గోడే బాగుండాది అనిపించింది."

"ఊరుకోవే, సార్ ముందర ఏం మాటలవి" అని తల్లి కసిరింది.

ఆ అమ్మాయి దగ్గర ఒక ఉపాయం ఉండేది. ఎడమ చేతి రెండు వేళ్ళు దవడ కింద ఆనించేది. నొక్కడం లేదు, తోయడం లేదు, ఊరికే ఆనించడమే. మెడ నిదానంగా వెనక్కి వచ్చి తిన్నగా నిలబడేది. అప్పుడు తెలిసేది, ఎంత కళైన ముఖమో. వేళ్ళు తీస్తే మళ్ళీ గోడ వైపు. ఈ జబ్బులో చాలామందికి ఇలాంటి ఉపాయం ఏదో ఒకటి తెలిసి ఉంటుంది. ఒకరు చెంప తాకుతారు, ఒకరు తల వెనక చెయ్యి పెడతారు. ఎందుకు పనిచేస్తుందో అప్పట్లో ఎవరికీ సరిగా తెలియదు. ఫ్యాక్టరీ సూపర్వైజరు మాత్రం తనకు బాగా తెలుసనుకున్నాడు. "వేలు పెడితే సరిపోయే మెడ, వేలు పెట్టకపోతే ఎందుకు సరిపోదు?" అని అందరి ముందూ అడిగి, ఆమెను మిషన్ మీది నుంచి హెల్పరు పనికి దించాడు.

"ఒక చెయ్యి గడ్డానికే సరిపోతాది సార్. మిషన్‌కి రెండు చేతులు కావాల" అంది నాతో. "మెడ నెట్టగా లేకపోయినా పర్వాలేదు. నా చెయ్యి నాకు ఇప్పించండి, చాలు."

నెట్టగా అంటే వాళ్ళ వైపు తిన్నగా అని. మా దగ్గరికి వచ్చి ఇంతకంటే స్పష్టంగా అడిగినవాళ్ళు నాకు గుర్తులేరు. యంత్రానికి ఎవరో దాత ముందుకొచ్చారు. ఆపరేషన్‌కు రోజు కుదిరింది.

ప్రతి కేసుకూ ముందు మాకొక మీటింగు ఉండేది. పెద్ద డాక్టరుగారు, మత్తు డాక్టరుగారు, మిగతా డాక్టర్లు, వాళ్ళతో నేను. పెద్ద డాక్టరుగారు కన్నడిగుడు, మత్తు డాక్టరుగారిది గుంటూరు వైపు. ఇంగ్లీషు, కన్నడం, తెలుగు కలగలిపిన భాషలో ముగ్గురం రోజూ పోట్లాడుకునేవాళ్ళం. ఆ రోజు నేను తీసిన వీడియో వేశారు. వేళ్ళు ఆనగానే మెడ సర్దుకోవడం అందరం చూశాం.

"బల్ల మీద ఈ పని చేయనివ్వకూడదు" అన్నారు పెద్ద డాక్టరుగారు. "మెడ శాంతిస్తే మెదడు కూడా శాంతిస్తుంది. అప్పుడు మనకేం వినపడుతుంది? చేతులు రెండూ కట్టేయండి. మత్తు అసలే వద్దు."

నిర్ణయం సరైనదే. ఆ మీటింగుకు థియేటర్ సిస్టర్లను పిలిచే అలవాటు మాత్రం మాకు లేదు. ఎందుకు లేదని ఎవరమూ అడిగింది లేదు. చేతులు కట్టాలన్న మాట సిస్టరుకు చేరింది. ఎందుకు కట్టాలన్నది చేరలేదు.

ఇక్కడ ఆ సిస్టరు గురించి చెప్పాలి. కాడుగోడిలో పుట్టి పెరిగిన తెలుగావిడ. తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. గట్టి మనిషి, గట్టి గొంతు. నా తీగలు నేలమీద అడ్డంగా పడుంటే, "మీ వైరు తొక్కి నేను పడితే, ముందు మీ తలకాయలో సూది వేపిస్తా చూడు సార్" అనేది. నేనూ ఊరుకునేవాణ్ణి కాను. కానీ తలకు రంధ్రం పెట్టించుకుని మెలకువగా పడుకున్న మనిషి భయం ఆమెకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. మేమంతా గుడ్డల తెరకు ఇవతల ఉంటాం. రోగి ముఖం అవతల ఉంటుంది, డేరాలో ఉన్నట్టు. ఆమె ఆ డేరాలో ఒక స్టూలు వేసుకుని, భుజం మీదో చెంప మీదో చెయ్యి వేసి, ఆపరేషన్ అయ్యేదాకా కూచునేది. వంకర మాటలతో నవ్వించేది. హెడ్మాస్టరుగారు కాఫీ అడిగింది కూడా ఆమెనే. ఆ చెయ్యి మా థియేటర్లో గోడ గడియారంలాగా ఎప్పుడూ ఉండేది కాబట్టి ఎవరూ దాన్ని ప్రత్యేకంగా చూసేవాళ్ళు కాదు.

ఆపరేషన్ రోజు అమ్మాయి తల చుట్టూ లోహపు చట్రం బిగించి, స్కాను తీయించి, బల్ల మీద పడుకోబెట్టారు. చేతులు రెండూ మెత్తటి పట్టీలతో బల్లకు కట్టారు. నేను మెడ కండరాలకు తీగలు అంటించాను. మెడ బిగిసినప్పుడల్లా నా కంప్యూటర్ తెర మీద గీత ఎగిరిపడుతుంది. మెదడులో సద్దూ మెడలో బిగువూ జతగా నడిచే చోటు మాకు కావలసిన చోటు.

తల చట్రంలో ఉన్నా మెడ ఊరుకోదు. తిరగలేక ఇనుముతో కుస్తీ పడుతుంది. మొదట్లో అమ్మాయి మూలుగు తెర ఇవతలికి వినిపించింది. కాసేపటికి ఆగింది. అలవాటు పడిందనుకున్నాను.

మొదట ఎడమవైపు. సూది దిగుతోంది. మామూలు సద్దులు, మధ్యలో నిశ్శబ్దం, మళ్ళీ సద్దులు. లెక్క ప్రకారం చేరవలసిన లోతుకు చేరింది. స్పీకర్లో ఉన్నట్టుండి గుర్రుమని, ముద్దలు ముద్దలుగా విరిగిపడే సద్దు మొదలైంది. తెర మీద మెడ గీత కూడా ఎగిరింది.

"వచ్చింది సార్!" అన్నాను.

ఆ మాట నా నోట్లో ఉండగానే అది పోయింది. రేకుల మీద సన్నటి తుంపరలాగా మామూలు సద్దు మిగిలింది.

"వచ్చిందా, పోయిందా? ఏదో ఒకటి చెప్పు" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"పోయింది సార్."

మా పనిలో ఇది వింతేమీ కాదు. సూది కొన ఒక కణం పక్కకు వచ్చి, ఒక్క పిసరు జరిగి దాన్ని పోగొట్టుకుంటుంది. ఇంకాస్త కిందికి వెళ్ళాం, వెనక్కి వచ్చాం. ఏమీ లేదు. మెడ గీత కూడా నిద్రపోతున్నట్టు పడుంది. నాకు చిర్రెత్తింది. మత్తు డాక్టరుగారి వైపు తిరిగి, "నిద్రపుచ్చేశారా సార్? మత్తు వద్దని అందరం అనుకున్నాం కదా?" అన్నాను.

"నేనేం ఇవ్వలేదండీ బాబూ!" ఆయన గుడ్డ ఎత్తి లోపలికి తొంగిచూశాడు. "ఆ పిల్ల మీకంటే మెలకువగా ఉంది. సిస్టరుతో జాకెట్టు గురించి మాట్లాడుతోంది."

నిజమే. కాస్త చెవిపెడితే నాకూ వినిపించింది.

"నిన్న వార్డుకి వచ్చినప్పుడు చూసినా అక్కా, నీ జాకెట్టు భుజం కాడ ఎత్తుగా ఉండాది. ఎవురు కుట్టినారు?"

"మా వీధిలో ఒకాయన ఉండాడు. అంత గలీజుగా ఉండాదా?"

"గలీజు కాదు, తొందరలో కుట్టినాడు. నేను లేచినాక ఇప్పి కుట్టిస్తా. నాకి రెండు చేతులుంటే అదెంత పని."

పెద్ద డాక్టరుగారు దారి మార్చారు. సూదిని పైకి తీసి, కొద్దిగా పక్కగా రెండోసారి దింపారు. అక్కడ కూడా అంతే. ఒకచోట గుర్రుమంది, అందుకునేలోగా జారిపోయింది. సూది దింపిన ప్రతిసారీ మెదడులో ఒక కొత్త దారి. ప్రతి దారిలోనూ ఏదో సన్నని రక్తనాళం తగలొచ్చు. అది అందరికీ తెలుసు. తెలిసే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఇంకొక్కసారి" అన్నారాయన.

మూడో దారిలో సగం దిగాక, తెర అవతల అమ్మాయి ఏదో చెబుతోంది. "భుజం కాడ ఒక కుట్టు..." అంది. తర్వాత మాట ముద్దగా వచ్చింది. తర్వాత రాలేదు.

"పాపా? ఏ పాపా?" అని సిస్టరు గొంతు. "సార్, చూడండి సార్, మాట్లాడ్తా లేదు!"

"కుడిచేతి వేళ్ళు కదిలించమను" అన్నారు పెద్ద డాక్టరుగారు. పట్టీలో ఉన్న ఆ వేళ్ళు కదలలేదు.

సూది తీసేశారు. స్కానుకు పరుగెత్తారు. లోపల రక్తం గడ్డకట్టి ఉంది. తల తెరిచి దాన్ని తీసేశారు, చేయగలిగిందంతా చేశారు. నేను నా తీగల మధ్య నిలబడి ఉన్నాను. అలాంటప్పుడు నావంటివాడికి థియేటర్లో పనేమీ ఉండదు.

తర్వాత కొద్దిరోజులు ఐసీయూలో ఉంది. స్పృహ రాలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి తల్లి మంచం పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికి రమ్మని చెయ్యూపింది.

"చూడప్పా, మెడ నెట్టగా ఉండాది. నీవన్నా చూసి చెప్పు. ఎవురూ పట్టుకోలేదు, చెయ్యి పెట్టలేదు, దానంతట అదే నెట్టగా నిలిచింది. జబ్బు పోయినట్టే గదా? ఇంక లేస్తే చాలు గదా?"

స్పృహ లేనప్పుడు ఆ జబ్బు కనిపించదని నాకు తెలుసు. మెదడు అంత లోతుగా మునిగిపోతే మెలితిప్పేవాడెవడూ ఉండడని తెలుసు. ఆమెకు ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. "లేవాలమ్మా" అన్నాను.

అమ్మాయి లేవలేదు. 

శవాన్ని ఊరికి తీసుకెళ్ళడానికి బండి కోసం ఎదురుచూస్తూ తల్లి వరండాలో బెంచీ మీద కూచుంది. సిస్టరు డ్యూటీ దిగి, ఆమె పక్కన కూచుని ఉంది. నేను కొంచెం దూరంలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. తర్వాత తల్లి అడిగింది.

"బిడ్డ బాధపడిందా అమ్మా లోపల? తలకి మరలేసి బిగించి పెట్టినారంట గదా."

"లేదమ్మా" అంది సిస్టరు. "మొదట్లో స్వల్ప మూలిగింది. 'అక్కా, నా చేతులు కట్టేసినారు, ఇక్కడ దవడ కింద నీ చెయ్యి పెట్టు' అనింది. పెట్టినా. పెట్టంగానే 'హాయిగా ఉండాది అక్కా' అనింది. ఇంక తియ్యలేదు నేను. బాటిల్ మార్చేదానికి లేచినా, మళ్ళా వచ్చి పెట్టినా. మాట పోయేదాకా నా చెయ్యి అక్కడే ఉన్నింది. నగతానే మాట్లాడింది నీ బిడ్డ."

తల్లి సిస్టరు రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. "దేవతవు తల్లీ" అంది.

నేను గోడ వదిలి నిటారుగా నిలబడ్డాను. ఆ అమ్మాయి వేళ్ళను బల్లకు కట్టేశాం. వాటి బదులు ఆమె ఇంకొకరి చెయ్యి అడిగి తీసుకుంది. మేం గంటలకొద్దీ వెతికిన సద్దు ఆ చేతి కింద నిద్రపోయింది.

ఆ సాయంత్రమే పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన లేచి నా వెంట వచ్చారు. మా రికార్డింగులో మెదడు సద్దుతో పాటు గదిలో మాటలు కూడా ఎక్కుతాయి. సూది ఏ లోతులో ఉందో నేను పైకి చెబుతుంటాను, అందుకని పెట్టిన ఏర్పాటు. మొదటి దారి మళ్ళీ వేశాను. ఇద్దరం చెరో హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాం.

తుంపర సద్దు. దూరంగా సిస్టరు గొంతు, "ఉండు పాపా, బాటిల్ మార్చేసి వస్తా." అమ్మాయి గొంతు, "బిరీన రా అక్కా." అంతలోనే గుర్రుమని లేచింది ఆ సద్దు, మెడ గీతతో కలిసి. నా గొంతు, "వచ్చింది సార్!" ఆ వెంటనే సిస్టరు, "ఆ, వచ్చినా." సద్దు తగ్గిపోయింది. రెండో దారిలోనూ అంతే, దూదితో పెదవులు తడపడానికి ఆమె లేచినప్పుడు.

పెద్ద డాక్టరుగారు మామూలుగా అరిచే మనిషి. ట్రే చప్పుడైనా అరిచేవారు. ఆ రోజు హెడ్‌ఫోను తీసి బల్ల మీద మెల్లిగా పెట్టారు. "మొదటి దారే కరెక్టు" అన్నారు. కాసేపయ్యాక మళ్ళీ అదే మాట అన్నారు.

పిల్లలూ, ఇక్కడ మీకొకటి సూటిగా చెప్పాలి. మొదటి దారిలోనే ఆగిపోయి ఉంటే రక్తం వచ్చేది కాదని ఎవరూ చెప్పలేరు. మొదటి సూదికే నాళం తెగిన కేసులూ ఉంటాయి. మూడోసారి దింపకపోతే ముప్పు తగ్గేదన్నది మాత్రం నిజం. ఆ నిజాన్ని ఎవరి తల మీద పెట్టాలో మాకు తెలియలేదు. అడిగిన అమ్మాయి తల మీదనా? పెట్టిన చేతి మీదనా? చేతులు కట్టమని చెప్పి, ఎందుకో చెప్పని మా అందరి మీదనా? నేను మూడోదే అంటాను. దానివల్ల ఎవరికీ ఓదార్పు దొరకలేదు.

"ఆవిడకు తెలియకూడదు" అన్నారు మత్తు డాక్టరుగారు. "తెలిస్తే ఆవిడ ఇంక ఎవర్నీ తాకదు."

పెద్ద డాక్టరుగారు ఒప్పుకున్నారు. కానీ ఇంకో రోగి వరసలో ఉన్నాడు. నియమం మార్చక తప్పదు. అందుకని తర్వాతి మీటింగుకు మొదటిసారిగా థియేటర్ సిస్టర్లను కూడా పిలిచారు. కుర్చీలు చాలక పక్క గదిలోంచి తెచ్చుకున్నాం. ఆయన ఎవరివైపూ చూడకుండా, "డిస్టోనియా కేసుల్లో రికార్డింగు నడుస్తున్నంతసేపూ రోగి ముఖం, మెడ ఎవరూ ముట్టుకోకూడదు" అన్నారు.

సిస్టరు చెయ్యెత్తింది. "ముట్టుకుంటే ఏమవుతాది సార్?"

"సిగ్నల్ మారుతుంది."

ఆమె ఎత్తిన చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుని, దానివైపు చూస్తూ కూచుంది. ఆ చూపు చూశాక ఆమెకు తెలియదని నేను నమ్మలేదు.

ఆ తర్వాత వచ్చిన రోగి ఒక సిటీ బస్సు కండక్టరు. అతనిదీ మెడే, అతనికీ చెంప తాకితే సర్దుకునేది. సిస్టరు ఎప్పటిలా తెర అవతల స్టూలు మీద కూచుంది. గుడ్డ అంచులోంచి నాకు కనిపించింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉంది. కండక్టరు మూలుగుతుంటే నోటితోనే ఓదార్చింది. "స్వల్ప ఓర్చుకో అన్నా, అయిపోతాది" అంటూ ఉంది.

మొదటి దారిలోనే సద్దు దొరికింది. గుర్రుమంటూ, ముద్దలుగా, మెడ గీతతో జతగా, ఆగకుండా. పెద్ద డాక్టరుగారు నావైపు చూశారు. ఒక పరీక్ష మిగిలి ఉంది. చెంప తాకితే ఆ సద్దు తగ్గాలి, తీస్తే పెరగాలి. అప్పుడది కావలసిన చోటేనని రూఢి అవుతుంది. ఆ అమ్మాయి చనిపోయి మాకు నేర్పిన పాఠం అది. ఎవరైనా చెయ్యి పెట్టాలి.

"సిస్టర్, ఒకసారి చెంప మీద చెయ్యి పెట్టండి" అన్నాను.

ఆమె కదల్లేదు.

"పెట్టండి సిస్టర్. ఇప్పుడు కావాలి."

వెనక్కి కట్టుకున్న చేతుల్లో ఒకటి మెల్లిగా ముందుకొచ్చింది. కండక్టరు చెంపకు ఆనింది. స్పీకర్లో గుర్రు తగ్గింది, తగ్గి తుంపర మిగిలింది. థియేటర్లో అందరం విన్నాం. ఆమె కూడా విన్నది.

"తీయండి."

తీసింది. మళ్ళీ లేచింది.

అక్కడే తీగ అమర్చారు. కండక్టరుకు కొన్ని నెలల్లో మెడ నిలబడింది. మళ్ళీ బస్సెక్కి టిక్కెట్లు కొట్టాడు. మా జట్టుకు మంచిపేరు వచ్చింది. అదంతా తర్వాతి సంగతి.

ఆ మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక నేను తీగలు చుట్టుకుంటున్నాను. సిస్టరు బట్టలు మార్చుకుని చీరలో వచ్చింది. జాకెట్టు భుజం దగ్గర ఎత్తుగానే ఉంది. నా పక్కన నిలబడి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"సార్, ఆ పాప రోజు గూడా సద్దు ఇట్లనే తగ్గిందా?"

చెప్పకూడదన్న మాట నాకు గుర్తుంది. కానీ ఆమె తన చెవులతో విన్న తర్వాత ఇంక దాచడానికి నా దగ్గర ఏముంది?

"తగ్గింది సిస్టర్."

"నేను చెయ్యి పెట్టినప్పుడే?"

"పెట్టినంతసేపూ."

తర్వాత ఏం అడుగుతుందో నాకు తెలుసనుకున్నాను. దానికి జవాబు ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాను. ఎవరూ కచ్చితంగా చెప్పలేరని, మొదటి సూదికే నాళాలు తెగుతాయని, మీకు చెప్పకపోవడం మాదే పొరపాటని. ఆమె అదేదీ అడగలేదు. స్టూలు లాక్కుని కూచుంది.

"సద్దు తగ్గిందంటే మెడ గుంజుకోలేదనే గదా? నొప్పి లేదనే గదా ఆ పాపకి? వాళ్ళమ్మకి నేను చెప్పింది అబద్ధం కాదు గదా సార్?"

నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు.

"కాదు సిస్టర్. చివరిదాకా నొప్పి లేదు. మా రికార్డింగులో ఉంది."

"ఒకసారి వినిపిస్తారా?"

హెడ్‌ఫోను ఆమె చెవులకు పెట్టి, మొదటి దారి దగ్గరనుంచి వేశాను. నాకు వినపడకపోయినా ఏది ఎప్పుడొస్తుందో నాకు కంఠతా వచ్చు. "బిరీన రా అక్కా" దగ్గర ఆమె కళ్ళు మూసుకుంది. "ఆ, వచ్చినా" అన్న తన గొంతు విని తలూపింది. ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని, ఆ సన్నటి తుంపరను, మాటల్లో జాకెట్టు మాట వచ్చేదాకా కదలకుండా వింది. రెండో దారి కూడా అలాగే వింది.

మూడో దారి మొదలయ్యే చోటుకు ముందే నేను ఆపేశాను. ఆమె ఎందుకు ఆపారని అడగలేదు.